కార్బన్ ఫైబరా, అల్యూమినియమా: మోటార్‌సైకిల్ హ్యాండిల్‌కు ఏది తగినది?

హైదరాబాద్‌లో తమ బండికి కొత్త హ్యాండిల్ బార్ వేయించుకోవాలనుకునేవారికి రాణీగంజ్, పుత్లీబౌలీ ప్రాంతాల విడిభాగాల దుకాణాల్లో రెండు రకాలు విరివిగా కనిపిస్తాయి: క్రోమ్ పూత వేసిన ఉక్కు గొట్టాలు, ఎరుపు, బంగారు, నలుపు రంగుల్లో అనోడైజ్ చేసిన అల్యూమినియం గొట్టాలు. మూడో రకం, అంటే నల్లని నేత మెరిసే కార్బన్ ఫైబర్ బార్, ఎక్కువగా ఆన్‌లైన్‌లో తెప్పించుకునేది. ఈ మూడింటి మధ్య ఎంచుకునేవారు మొదట అడిగే ప్రశ్న "ఏది గట్టిది?" అన్నదే. ఆ ఒక్క ప్రశ్నతోనే తేల్చుకోవాలంటే జవాబు కార్బన్ ఫైబర్ వైపే మొగ్గుతుంది. అయినా మన రోడ్ల మీద రోజూ తిరిగే బండికి నేను అల్యూమినియాన్నే సూచిస్తాను. హ్యాండిల్ ఎంత బలమైనదన్న దానికంటే, దెబ్బ తగిలిన తర్వాత అది పాడైందన్న సంగతి నడిపేవారికి ముందుగా తెలుస్తుందా లేదా అన్నదే నా దృష్టిలో ఎక్కువ ముఖ్యం.

హ్యాండిల్ బార్ దిశ మార్చడానికే ఉందనుకుంటే పొరపాటు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు నడిపేవారి ఒంటి బరువులో పెద్ద భాగం ముందుకు వచ్చి దాని మీదే పడుతుంది. బ్రేకు మాస్టర్ సిలిండర్, క్లచ్ లివర్, యాక్సిలరేటర్, స్విచ్చులు, అద్దాలు అన్నీ దానికే బిగించి ఉంటాయి. అది మధ్యలో విరిగితే దిశ, ముందు బ్రేకు, క్లచ్ ఒక్కసారిగా చేతిలోంచి పోతాయి, దాని పని చేసిపెట్టే మరో భాగం బండిలో ఉండదు.

బరువు సంగతి తొందరగా తేలిపోయేదే. ఘన సెంటీమీటరుకు ఉక్కు 7.85 గ్రాములు, అల్యూమినియం 2.7 గ్రాములు, కార్బన్ ఫైబర్‌ను ఎపాక్సీ రెసిన్ అనే గట్టిపడే జిగురుతో కలిపి చేసిన పదార్థం సుమారు 1.55 గ్రాములు తూగుతాయి. 22.2 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసంతో, వంపులన్నీ కలుపుకొని 90 సెంటీమీటర్ల పొడవున్న గొట్టాన్ని లెక్కకు తీసుకుందాం. 2 మిల్లీమీటర్ల మందంతో ఉక్కు గొట్టం 900 గ్రాముల దగ్గర, 4 మిల్లీమీటర్ల మందంతో అల్యూమినియం గొట్టం 560 గ్రాముల దగ్గర, అదే కొలతల కార్బన్ గొట్టం 320 గ్రాముల దగ్గర ఉంటాయి. అంటే అల్యూమినియం నుంచి కార్బన్‌కు మారితే మిగిలేది 240 గ్రాములు, ట్యాంకులో మూడో వంతు లీటరు పెట్రోలు తగ్గినంత. 195 కిలోల రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి ఇది నూటికి 0.12 వంతు మాత్రమే.

తేలికదనానికి అసలు విలువ ఎక్కడ ఉంటుందో ఈ నగరానికి తెలిసినంతగా మరో చోట తెలియదేమో. అబ్దుల్ కలాం ఇక్కడి డీఆర్‌డీవో ప్రయోగశాలలో ఉన్న కాలంలో, అగ్ని క్షిపణి కోసం రూపొందించిన తేలికపాటి పదార్థాన్ని చూసిన నిమ్స్ ఎముకల వైద్యుడొకరు ఆయనను తమ ఆసుపత్రికి తీసుకువెళ్లి, కాళ్లకు ఆధారంగా కట్టుకునే, మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లలను చూపించారు. అదే పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. అక్కడ ఆ బరువును మోసేది పసివాళ్ల కాలు కాబట్టి ప్రతి గ్రామూ లెక్కలోకి వస్తుంది. సైకిల్ పందేల్లో కార్బన్ హ్యాండిళ్లు మామూలైపోవడానికీ కారణం ఇదే: ఎనిమిది కిలోల సైకిల్ మీద వంద గ్రాములు నూటికి ఒక వంతు దాటుతాయి, దాన్ని లాగవలసింది మనిషే. ఇంజన్ లాగే బండి విషయంలో ఈ వాదన చాలావరకు చప్పబడిపోతుంది.

దృఢత్వం సంగతి ఇంతకంటే లోతైనది, దుకాణాల్లో ఎక్కువగా తప్పుగా చెప్పేదీ ఇదే. బలం వేరు, దృఢత్వం వేరు. ఎంత భారానికి విరుగుతుందన్నది బలం, ఒక భారానికి ఎంత వంగుతుందన్నది దృఢత్వం. పదార్థపు దృఢత్వాన్ని యంగ్ గుణకంతో కొలుస్తారు. అది ఉక్కుకు సుమారు 200 గిగాపాస్కల్స్, అల్యూమినియానికి 70. కాబట్టి అల్యూమినియం గొట్టానికి మందం రెట్టింపు చేసినా, వెలుపలి వ్యాసం అదే 22.2 మిల్లీమీటర్లుగా ఉంచితే, పైన చెప్పిన ఉక్కు గొట్టంతో పోల్చినప్పుడు దాని దృఢత్వం దాదాపు సగమే వస్తుంది. మందం పెంచినందువల్ల చేరే లోహం గొట్టం మధ్య రేఖకు దగ్గరగా చేరుతుంది, అక్కడ అది వంగుడును ఆపడానికి పెద్దగా ఉపయోగపడదు. అదే లోహాన్ని వెలుపలికి జరిపి వ్యాసాన్ని 28.6 మిల్లీమీటర్లు చేస్తే, 4 మిల్లీమీటర్ల మందంతోనే దృఢత్వం 2.4 రెట్లు పెరిగి ఉక్కు గొట్టాన్ని కూడా దాటుతుంది, ఆ మేరకు పెరిగే బరువు మాత్రం నూటికి 35 వంతులే. ఈ లెక్క వల్లనే మంచి అల్యూమినియం బార్లు మధ్యలో 28.6 మిల్లీమీటర్ల లావుతో మొదలై, చివరలకు వచ్చేసరికి 22.2 మిల్లీమీటర్లకు సన్నబడతాయి. వంచే బలం అత్యధికంగా పడేది హ్యాండిల్‌ను బండికి పట్టి ఉంచే క్లాంపుల దగ్గరే కాబట్టి లావు అక్కడ కావాలి, లివర్లూ గ్రిప్పులూ 22.2 మిల్లీమీటర్లకే తయారవుతాయి కాబట్టి చివరలు సన్నగా ఉండాలి. పాతకాలపు 22.2 మిల్లీమీటర్ల అల్యూమినియం బార్లకు మధ్యలో అడ్డంగా ఒక కడ్డీ బిగించి ఉండడం కూడా ఈ లోటును పూడ్చడానికే.

ఇక కార్బన్ ఫైబర్. ప్రకటనల్లో "ఉక్కు కంటే ఎన్నో రెట్లు బలమైనది" అన్న మాట అబద్ధం కాదు, కానీ అది నారకు, అంటే విడి ఫైబర్ పోగుకు, వర్తించే మాట, గొట్టానికి కాదు. జపాన్‌కు చెందిన టోరే సంస్థ చేసే టీ700 అనే నారనే తీసుకుంటే, దాని తన్యత బలం, అంటే లాగితే తెగకుండా తట్టుకునే ఒత్తిడి, 4900 మెగాపాస్కల్స్, యంగ్ గుణకం 230 గిగాపాస్కల్స్. హ్యాండిళ్లలో వాడే అల్యూమినియం మిశ్రమలోహాల్లో 6061-టీ6 అనే రకం సుమారు 275 మెగాపాస్కల్స్ దగ్గర, 7075-టీ6 అనే రకం సుమారు 500 దగ్గర శాశ్వతంగా వంగడం మొదలుపెడతాయి కాబట్టి తేడా చాలా పెద్దదిగానే కనిపిస్తుంది. అయితే ఒక్కొక్కటి ఏడు మైక్రాన్ల మందముండే ఆ నారపోగులు రెసిన్‌లో ఇమిడితేనే వస్తువవుతుంది, మంచి తయారీలో కూడా నార వాటా నూటికి 60 వంతుల దగ్గరే ఉంటుంది. పైగా ఆ బలమంతా పోగు సాగే దిశలోనే. వెదురు బద్ద నిలువునా ఎంత లాగినా తెగదు, అడ్డంగా కత్తి మొన ఆనిస్తే చీలిపోతుంది, ఇదీ అంతే. నారలన్నీ ఒకే దిశలో ఉన్న పొర యంగ్ గుణకం పోగు వెంట 130 గిగాపాస్కల్స్ దాకా ఉంటే, అడ్డంగా పదికి మించదు. అన్ని దిశల్లో సమానంగా పొరలు పరిస్తే గుణకం 50 దగ్గరికి దిగివస్తుంది, అంటే అల్యూమినియం కంటే తక్కువ.

అందువల్ల కార్బన్ బార్ తయారుచేసేవారు ఏ భారం ఎటునుంచి వస్తుందో ఊహించి, వంగుడుకు ఎదురుగా నిలువు పొరలు, మెలితిప్పుడుకు 45 డిగ్రీల వాలులో పొరలు, క్లాంపు నొక్కుడుకు చుట్టూ తిరిగే పొరలు అమర్చాలి. ఆ ఊహ సరైనదైతే ఫలితం అద్భుతంగా ఉంటుంది. హ్యాండిల్‌కు ఉండే వంపుల దగ్గర ఈ పని కష్టమవుతుంది, పొరలు ముడతలు పడవచ్చు, రెసిన్‌లో గాలి బుడగలు మిగలవచ్చు, పైకి మాత్రం అంతా అద్దంలా కనిపిస్తుంది. అల్యూమినియం గొట్టం గుణం దాని మిశ్రమలోహం, వేడి శుద్ధి దగ్గరే చాలావరకు నిర్ణయమైపోతుంది. కార్బన్ గొట్టం గుణం అచ్చులో పొరలు పరిచిన చేతుల మీద ఆధారపడుతుంది.

అసలు తగవు బండి పడిపోయిన తర్వాతే మొదలవుతుంది. వానకు తడిసిన ఫ్లైఓవర్ మలుపులోనో, మెట్రో స్తంభాల పక్కన ఇసుక మీదనో బండి పక్కకు ఒరిగితే ముందుగా నేలను తాకేది హ్యాండిల్ కొసే. ఉక్కు బార్ వంగుతుంది. అల్యూమినియం బార్ కూడా, అది మంచి గొట్టంతో చేసినదైతే, ముందు వంగుతుంది. 6061-టీ6 తెగేలోపు పొడవులో నూటికి పది వంతుల దాకా సాగగలదు, కాబట్టి దెబ్బ గట్టిదైతే హ్యాండిల్ వంకర కంటికి కనిపిస్తుంది, చేతికి తెలుస్తుంది. నారతో చేసిన గొట్టం నూటికి ఒకటిన్నర వంతు, మహా అయితే రెండు వంతుల సాగుడు దగ్గరే తెగిపోతుంది, శాశ్వతంగా వంగడమన్నది దానికి తెలియదు. అది రెండే స్థితుల్లో కనిపిస్తుంది: మునుపటిలా నిటారుగా, లేదా రెండు ముక్కలుగా. ఈ రెంటి మధ్య లోపల పొరలు విడిపోయిన స్థితి ఒకటి ఉంటుంది, అది బయటికి కనిపించదు. పైపూత మీద చిన్న గీత తప్ప ఏమీ లేని బార్ లోపల సగం బలం కోల్పోయి ఉండవచ్చు, ఆ సంగతి మరో రోజు గుంతలో చక్రం పడినప్పుడు బయటపడవచ్చు.

విమానాల విషయంలో ఈ ప్రమాదానికి పరిష్కారం ఉంది. బోయింగ్ 787 నిర్మాణ బరువులో దాదాపు సగం ఇలాంటి మిశ్రమ పదార్థమే. కానీ ఆ విమానాన్ని నిర్ణీత వ్యవధుల్లో శిక్షణ పొందినవారు పరీక్షిస్తారు, అనుమానం వచ్చిన చోట అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తారు. నాణెంతోనో చిన్న సుత్తితోనో తట్టి, ఖంగుమనే శబ్దం మారి మొద్దుబారిన చోట పొరలు విడిపోయాయని గుర్తించే పాత పద్ధతి ఇప్పటికీ ఉంది. కంచన్‌బాగ్, బాలాపూర్, ఆదిభట్ల, శంషాబాద్‌ల మధ్య క్షిపణులకూ విమానాలకూ పదార్థాలు, భాగాలు చేసే సంస్థలతో, విమాన మరమ్మతు కేంద్రాలతో నిండిన నగరంలో ఈ విద్యకు కొదవ లేదు. మన వీధి చివరి మెకానిక్ దగ్గర మాత్రం ఆ సాధనం లేదు, ఉండాలని ఆశించడమూ న్యాయం కాదు.

పందెపు కార్ల ఉదాహరణ కూడా తరచూ ఎత్తుతుంటారు. 1981లో మెక్‌లారెన్ ఫార్ములా వన్‌లోకి కార్బన్ ఫైబర్ చట్రాన్ని తెచ్చింది, అదే ఏడు మోంజాలో ఘోరమైన ప్రమాదం నుంచి జాన్ వాట్సన్ నడుచుకుంటూ బయటికి వచ్చాక ఆ పదార్థం మీద నమ్మకం కుదిరింది. నిజమే, కానీ ప్రమాదంలో ఆ తరహా నిర్మాణపు ముందు భాగాలు పొడిపొడిగా నలిగి దెబ్బను మింగుతాయి, ఆ తర్వాత వాటిని పారేస్తారు. విరగడమే అక్కడ ఆ భాగపు పని. హ్యాండిల్ విరగడం ద్వారా ఎవరినీ కాపాడదు. 2017లో బీఎండబ్ల్యూ కార్బన్ చట్రంతో 750 మాత్రమే తయారుచేసిన హెచ్‌పీ4 రేస్ కూడా పందెపు ట్రాక్‌కు ఉద్దేశించిన బండి, రోడ్డుకు కాదు.

అల్యూమినియాన్ని వెనకేసుకొస్తున్నంత మాత్రాన దాని లోపాన్ని దాచకూడదు. పదేపదే పడే ఒత్తిడికి లోహం అలసిపోతుంది. ఈ విషయంలో ఉక్కుకు ఒక హద్దు ఉంది, ఆ హద్దుకు లోబడి మళ్లీ మళ్లీ పడే ఒత్తిడిని అది దాదాపు అనంతంగా భరిస్తుంది. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు, చిన్న ఒత్తిడి అయినా పదేపదే పడితే ఎప్పటికో పగులు పుట్టవచ్చు. 6061-టీ6 విషయంలో 50 కోట్ల సార్లు పడినా అనుమతించదగిన ఒత్తిడిగా పుస్తకాల్లో ఇచ్చే అంకె సుమారు 97 మెగాపాస్కల్స్, అది వంగుడు మొదలయ్యే ఒత్తిడిలో మూడో వంతు పైచిలుకు మాత్రమే. నిమిషానికి 4500 సార్లు తిరిగే ఇంజన్ ఒక్క గంటలో 2,70,000 సార్లు హ్యాండిల్‌ను కంపింపజేస్తుందని గుర్తుంచుకుంటే ఈ విషయం ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. సరైన మందంతో చేసిన బార్‌లో ఇంజన్ కంపనం పుట్టించే ఒత్తిడి ఈ అంకెకు చాలా దిగువన ఉంటుంది. ప్రమాదం వచ్చేది గీతల దగ్గర, రంధ్రాల దగ్గర, క్లాంపు అంచు కోసుకుపోయిన చోట. నారకు మాత్రం ఈ అలసట చాలా తక్కువ, ఈ ఒక్క విషయంలో కార్బన్‌దే స్పష్టమైన పైచేయి. అయినా అల్యూమినియంలో పగులు తరచుగా ఉపరితలం మీదే, ఎక్కువగా క్లాంపు పక్కనే మొదలవుతుంది కాబట్టి, బండి కడిగినప్పుడు ఆ చోట వేలితో తడిమి, టార్చి వేసి చూసే అలవాటుతో చాలావరకు ముందే పసిగట్టవచ్చు.

మన మెకానిక్కుల అలవాట్లకూ ఈ ఎంపికకూ దగ్గరి సంబంధం ఉంది. వంగిన ఉక్కు హ్యాండిల్‌కు పొడవాటి గొట్టం తొడిగి వెనక్కి వంచి సరిచేయడం ఇక్కడ ఏ షెడ్డులోనైనా జరిగేదే, ఉక్కు దాన్ని ఒకసారి భరిస్తుంది కూడా. అల్యూమినియం బార్‌ను ఇలా సరిచేయనివ్వకూడదు, వంగి తిరిగి వంగిన చోట నెర్రెలు పుడతాయి. మంట పెట్టి మెత్తబరిస్తే ఇంకా అన్యాయం, టీ6 అనే గుర్తు చెప్పే వేడి శుద్ధి ఆ మంటతో నాశనమై లోహం మెత్తగా మిగిలిపోతుంది. వంగిన అల్యూమినియం బార్‌ను మార్చడం ఒక్కటే దారి. కార్బన్ బార్‌కైతే, గట్టిగా పడిన ప్రతిసారీ, పైకి ఏమీ కనిపించకపోయినా మార్చాలన్నదే నియమం, ఆ నియమాన్ని అంత ఖర్చుపెట్టి కొన్నవారు ఎంతమంది పాటిస్తారో ఊహించడం కష్టం కాదు.

బిగింపు మరో చిక్కు. హ్యాండిల్ క్లాంపు బోల్టులను, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో లెక్కగా బిగించేవారు మన దగ్గర తక్కువ, స్పానర్ ఆగేదాకా తిప్పడమే రివాజు. లోహం ఆ అతిని కొంత సహిస్తుంది, కార్బన్ గొట్టం అడ్డంగా నొక్కుడుకు బలహీనం కాబట్టి లోపలి పొరలు నలుగుతాయి. స్విచ్ పెట్టెలకు లోపల ఒక చిన్న పిన్ను ఉంటుంది, అది హ్యాండిల్‌లోని రంధ్రంలో కూర్చుని పెట్టె తిరగకుండా ఆపుతుంది. విడిగా కొన్న బార్లకు ఆ రంధ్రం ఉండకపోవచ్చు. కార్బన్ బార్‌కు డ్రిల్ తగిలించడమంటే భారం మోసే పోగులను తెంచడమే, కాబట్టి పిన్నునే అరగదీయాలి. కొన్ని పాత బండ్లలో హారన్ మీటకు ఎర్త్ హ్యాండిల్ లోహం గుండానే వెళ్తుంది, ఎపాక్సీ పూసిన కార్బన్ దాన్ని ఆపేస్తుంది. హైదరాబాద్‌లో హారన్ మోగని బండితో తిరగడం కంటే హ్యాండిల్ లేకుండా తిరగడమే సులువని కొందరు వాదించవచ్చు.

చేతుల తిమ్మిరి తగ్గుతుందని కార్బన్ వైపు చూసేవారూ ఉన్నారు. రెసిన్‌లో ఇమిడిన నార అల్యూమినియం కంటే కంపనాన్ని ఎక్కువగా మింగుతుందన్నది నిజం. అయితే సింగిల్ సిలిండర్ ఇంజన్ పుట్టించే ఊపును అణచడంలో బార్ పదార్థం కంటే కొసల్లోని బరువులు, క్లాంపు కింది రబ్బరు బుష్షులు, గ్రిప్పుల మందం ఎక్కువ పని చేస్తాయి. బార్ ఎండ్ బరువులు ఉన్నదే హ్యాండిల్‌కు బరువు పెంచి, దాని సహజ కంపన వేగాన్ని ఇంజన్ వేగం నుంచి పక్కకు జరపడానికి. తేలిక బార్ కోసం ఖర్చుపెట్టి, మళ్లీ కొసల్లో బరువులు బిగించుకునే పరిస్థితి రావచ్చు.

ఎండావానల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మే నెలలో గాలి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటిన రోజున ఎండలో నిలిపిన నల్లని భాగం 60 డిగ్రీలు దాటుతుంది. ఓవెన్‌లో సరిగా గట్టిపరిచిన ఎపాక్సీ 120 డిగ్రీల దగ్గరగా మెత్తబడుతుంది కాబట్టి దానికి భయం లేదు, మామూలు గది వేడిలో ఆరబెట్టిన చౌక రెసిన్‌కు మాత్రం ఆ ఎండే హద్దు కావచ్చు. పైపూత గీరుకుపోయి నార బయటపడితే, వాన నీరు తోడై, దాన్ని తాకే అల్యూమినియం క్లాంపు తుప్పు పట్టడం వేగవంతమవుతుంది.

నకిలీలను గుర్తించడానికి రెండు మాటలు. కార్బన్ నేతను ముద్రించిన స్టిక్కరు చుట్టిన ఉక్కు గొట్టాలు, గాజు నార మీద ఒక్క పొర కార్బన్ పరిచినవి కూడా అదే పేరుతో చలామణి అవుతాయి. గ్రిప్పు విప్పి గొట్టం లోపలి గోడ చూస్తే, తూకం వేస్తే చాలా అనుమానాలు తీరుతాయి. అల్యూమినియంలోనూ 7075 అని చెక్కి అమ్మే ప్రతిదీ ఆ మిశ్రమలోహం కాదు, కంటితో 6061కూ దానికీ తేడా చెప్పడం అసాధ్యం. వంపుల లోపలి వైపు ముడతలు పడినా, గుండ్రని గొట్టం అక్కడ చపటగా మారినా ఆ బార్ వద్దనడానికి ఆ ఒక్క గుర్తు చాలు. పరీక్షించి అమ్మే పేరున్న తయారీదారు బార్‌ను, 6061 అయినా సరే, తీసుకోవడం మేలు. 1969లో ఇంగ్లండ్‌లో మొదలైన రెంథాల్ సంస్థ పర్వత సైకిళ్లకు కార్బన్ హ్యాండిళ్లు అమ్ముతూ, మోటార్‌సైకిళ్ల దగ్గరికి వచ్చేసరికి ప్రధానంగా అల్యూమినియంతోనే పని చేయడం ఆలోచించదగిన సంగతి.

చట్టం సంగతి కూడా తెలుసుకుని ఉండాలి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు మూల నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. మూల హ్యాండిల్ వెడల్పు, ఎత్తు, వెనక్కి వంపు కొలతలకు దగ్గరగా ఉన్న అల్యూమినియం బార్‌తో ఆగడం అందువల్ల కూడా వివేకం.

కార్బన్ బార్ ఎవరికి తగునంటే, ట్రాక్ మీద మాత్రమే నడిపేవారికి, టార్క్ రెంచ్ వాడేవారికి, పడిన ప్రతిసారీ కొత్తది కొనగలిగేవారికి. రోజూ ఆఫీసుకు, సెలవు రోజున అనంతగిరికో శ్రీశైలం ఘాటుకో వెళ్లేవారికి మధ్యలో లావైన అల్యూమినియం బార్ సరిపోతుంది. పాత బుల్లెట్‌కు ఉన్న ఉక్కు హ్యాండిల్ నిటారుగా ఉన్నంతకాలం దాన్ని మార్చడానికి నాకు ఒక్క కారణమూ కనిపించదు. 28.6 మిల్లీమీటర్ల బార్ కొనేవారు దానికి సరిపడే క్లాంపులు, వాటిని ఎత్తులో నిలిపే రైజర్లు కూడా తీసుకోవాలి, పాత 22.2 క్లాంపుల్లో అది కూర్చోదు. బిగించాక బండిని స్టాండు మీద నిలిపి హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి: క్లచ్ కేబుల్ గానీ బ్రేకు గొట్టం గానీ బిగుసుకోకూడదు, ఇంజన్ నడుస్తుండగా తిప్పితే వేగం దానంతట అది పెరగకూడదు, లివర్ ట్యాంకుకు తగలకూడదు.